ఓబులమ్మ వీధి

బడిపంతులమ్మగా నాలుగూళ్లు తిరిగి, చివరికి పులివెందులలో రిటైరై అక్కడే ఉండిపోయాను. ప్రొద్దుటూరులో మా తమ్ముడు వెంకటేసు దగ్గర మా అమ్మ ఉంటుంది. నెలకోసారైనా పోయి చూసి వస్తుంటాను కాబట్టి వాడు ఊరికే ఫోన్ చేయడు. మొన్న చేశాడు. "అక్కా, మన రాళ్లమిట్ట మీద వీధులకు పేర్లు పెడతాండారు. మొదట వచ్చి ఇండ్లు కట్టుకున్న పెద్దోళ్ల పేర్లంట. మన వీధికి జేజి పేరు పెడతామంటే అమ్మ ఒప్పుకోలేదు. నువ్వొచ్చి చెప్పాల" అన్నాడు. ఎందుకు ఒప్పుకోలేదని అడిగాను. "నీకు తెల్దా ఏంది?" అన్నాడు. తెలుసు. నాకు కాక ఇంకెవరికి తెలుస్తుంది? నాయన తల్లిని మా వైపు జేజి అంటాం. మా జేజి పేరు ఓబులమ్మ. నా పేరూ అదే. ఆ పేరు మా అమ్మ నోట ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా రాలేదు.

మరునాడే బస్సెక్కాను. వేంపల్లెలో ఇడుపులపాయ కాలేజీ పిల్లలు వీపులకు సంచులు తగిలించుకుని బిలబిలమంటూ ఎక్కారు. ఒకరినొకరు పేర్లు పెట్టి అరుచుకుంటూ, సగం పేర్లను ముక్కలు చేసి ముద్దుగా పిలుచుకుంటూ దారంతా ఒకటే గోల. అంతమంది నోట్లో అన్ని పేర్లు అంత సులువుగా దొర్లుతుంటే నాకు నవ్వొచ్చింది. మా ఇంట్లో ఒక పేరు పలకడానికి ఒక జీవితకాలం చాలలేదు.

ప్రొద్దుటూరు అనగానే లోకానికి బంగారం అంగళ్లు గుర్తొస్తాయి. మాది ఆ ఊరి బంగారం కాదు, ఆ ఊరి రాయి. జమ్మలమడుగు పోయే దారిలో ఊరు దాటినాక, పొలాల మధ్య ఎత్తుగా ఒక మిట్ట ఉండేది. నాగలి దిగదు, నీళ్లు నిలవవు. గొర్రెలు తప్ప ఇంకే జీవమూ మూతి పెట్టని గడ్డి. వీరపునాయునిపల్లె దిక్కు నుంచి వానల్లేక కదిలివచ్చిన మా జేజినాయన గంగన్న ఆ మిట్ట మీద గొర్రెలను నిలిపాడు. నిలిపింది ఆయనే గాని నిలబడింది ఆయన కాదు. ఏడాదిలో ఎక్కువ భాగం ఆయన మంద వెంట తిరిగేవాడు. కోతలైన మళ్లలో ఎరువు కోసం రైతులు గొర్రెల మంద పెట్టించుకునేవాళ్లు. కాలువ కింద ఒక ఊరు అయ్యాక ఇంకో ఊరు, అట్లా పోయిన మనిషి మళ్లీ ఎప్పుడొస్తాడో తెలిసేది కాదు. మిట్ట మీద ఒంటరిగా ఉండి, రాయి మీద రాయి పేర్చి గోడలు లేపింది, బండలు పరిచి పైకప్పు వేయించింది, నడుం విరిగేలా కింది బావి నుంచి నీళ్లు మోసింది జేజి. జేజినాయన కూడా ఆ మాట దాచుకునేవాడు కాదు. ఎవరైనా "మీ ఇల్లెక్కడ గంగన్నా?" అంటే, "నాకు ఇల్లేందప్పా, గొంగడి ఉండాది. ఇల్లు ఆమెది" అనేవాడు.

నాకు తెలిసిన నాటికి మిట్ట మీద ఇళ్లు బాగానే లేచాయి. అయినా పొద్దున లేస్తే ముందు పొగ కనిపించేది మా ఇంటిదే. జేజి పొయ్యిని ఆరిపోనిచ్చేది కాదు. రాత్రి వంట కాగానే ఒక పిడకను బూడిదలో పూడ్చిపెట్టేది. తెల్లారి ఆ బూడిద పక్కకు తోసి, నోటితో ఊది, ఇంత చొప్ప వేసి నిప్పు లేపేది. ఇంట్లో అగ్గిపెట్టె లేక కాదు. గూట్లో ఉండేది, దానికి చెమ్మ తగిలిందో లేదో కూడా ఎవరూ చూసేవాళ్లు కాదు. ఆ పిడకల పొగ, తడి గొంగళ్ల వాసన, రోట్లో చెనిక్కాయల ఊరిబిండి నూరుతుంటే లేచే ఘాటు, ఇవన్నీ కలిసిన వాసన ఒకటి మా ఇంటికే ఉండేది. నా పుస్తకాలకూ అదే వాసన. టౌనులో బడికి పోతే పక్కన కూర్చున్న కోమటోళ్ల పిల్ల ముక్కు మూసుకునేది. నేను దానికి జొన్నరొట్టె ముక్క, ఊరిబిండి పెట్టాను. తరువాత నుంచి అది ముక్కు మూసుకోవడం మాని నా సంచి వెతకడం మొదలుపెట్టింది.

ఆ పొయ్యి గురించి మా అమ్మ చెప్పే కథ ఒకటుంది. అమ్మ అప్పుడే కాపురానికొచ్చిన కోడలు. మిట్ట మీద ఇంకా మా ఇల్లు ఒక్కటే. ఒక శుక్రవారం సందెవేళ, దీపం పెట్టిన తరువాత, దూదేకుల కుళ్లాయప్ప భార్యను, చంటిబిడ్డను తీసుకుని దుత్తా తట్టా నెత్తిన పెట్టుకుని మిట్టెక్కి వచ్చాడు. దూది ఏకి పరుపులు కుట్టే మనిషి. టౌనులో అద్దెకుంటే ఇంటినిండా దూది ఎగురుతుందని ఖాళీ చేయించారట. మా ఇంటికి కొంచెం అవతల చాపలు కట్టుకుని, బిడ్డకు పాలు కాచుకోవాలి ఇంత నిప్పు ఇవ్వమని వచ్చాడు. శుక్రవారం దీపం పెట్టాక ఇంట్లోంచి నిప్పు బయటికి పోకూడదు, పోతే లక్ష్మి పోతుందని మా అమ్మకు పుట్టింట్లో నేర్పిన మాట. "సుక్కురారం అత్తా" అని చెవిలో చెప్పిందట. జేజి అప్పటికే పొయ్యి ముందు కూర్చుని పిడక మీదికి నిప్పులు లాగుతోంది. "కట్టెల పొయ్యే లేనోళ్లకు సుక్కురారం యాడ వచ్చిందే? లచ్చిమి మన పొయ్యిలోంచి లేచి వాళ్ల పొయ్యిలోకి పోతాదనుకో. ఆన్నే కదా ఉండేది, పక్కింట్లో" అన్నదట.

అక్కడితో మిట్టకు అదే ఆచారమైపోయింది. కొత్తగా ఎవరు గుంజ పాతినా మొదటి నిప్పు మా ఇంటి నుంచే పోవాలి. జమ్మలమడుగు నుంచి మగ్గం విప్పుకుని వచ్చిన పుల్లయ్య తాతకూ అంతే. ఆయన కథ ఇంకో తమాషా. నేల మగ్గానికి కాళ్లు పెట్టుకునే గుంట కావాలి. రాళ్లమిట్ట మీద గుంట తవ్వాలనుకోవడం ఎంత పిచ్చో ఆయనకు గడ్డపార వేశాక గాని తెలియలేదు. మా జేజినాయన మంద నుంచి వచ్చి, కుళ్లాయప్ప తాత పరుపులు పక్కన పెట్టి, ముగ్గురూ కలిసి ఆ రాతిని తొలుస్తుంటే జేజి సంగటి ముద్దలు మోసేది. "చీరలు నేస్తాడో బావి తవ్వుతాడో చూడండప్పా" అని ఎగతాళి చేసేది. ఆ గుంటలో మగ్గం ఆడిన చప్పుడు నా చిన్నతనమంతా వినపడుతూనే ఉంది. ఇట్లాంటి మనుషుల మధ్య పెరిగినందుకు నాకు ఇప్పటికీ గర్వమే. దాచుకోవాల్సిన పని లేదు.

ఇక పేరు సంగతి. మా దిక్కు కోడళ్లు మొగుడి పేరే కాదు, అత్తమామల పేర్లూ నోటితో అనరు. మా అమ్మ ఆ విషయంలో నలుగురు కోడళ్ల పెట్టు. అహోబిలాన్ని మేమంతా ఓబులం అంటాం కదా, అమ్మకు అది కూడా అనరాని మాటే. "ఆ నరసింహసామి కొండ" అనేది. ఓట్ల జాబితా రాసుకునే ఆయన ఒకసారి ఇంటికి వచ్చి, ఇంటి పెద్దామె పేరేంటని అడిగితే, ఆయన్ను ఎండలో నిలబెట్టి, కుళ్లాయప్ప తాత భార్యను పిలుచుకొచ్చి ఆమెతో చెప్పించింది. ఆయన విస్తుపోయి, "ఈమెకేమైనా మాట పడిపోయిందామ్మా?" అన్నాడట.

అట్లాంటి ఇంట్లో నాకు జేజి పేరు పెట్టారు. మా తమ్ముడి పేరు మిట్ట ఈ చివర నుంచి ఆ చివరదాకా మోగేది. "ఒరే వెంకటేసూ, కోళ్లను తోలు! వెంకటేసూ, నీ కాళ్లిరగ్గొడతా!" అని. నేను మాత్రం పాపను. తిట్టినా పాపే, ముద్దు చేసినా పాపే. పిల్లలు అమ్మ తిట్లకు ఏడుస్తారు గాని, నేను పేరు పెట్టి తిట్టలేదని ఉడుక్కునేదాన్ని. బడిలో చేరిన మొదటి రోజు అయ్యవారు "ఓబులమ్మ" అని పిలిచి, మళ్లీ పిలిచి, గట్టిగా పిలిచినా నేను గోడ మీది బల్లిని చూస్తూ కూర్చున్నాను. జేజి ఇక్కడికెందుకు వస్తుందిలే అనుకున్నాను. పక్కనున్న కోమటోళ్ల పిల్ల మోచేత్తో పొడిస్తే గాని ఆ పేరున్న మనిషిని నేనేనని నాకు తోచలేదు.

బస్టాండులో దిగి ఆటో ఎక్కి, "గ్యాస్ గోడౌన్ వెనక" అన్నాను. మా ఇంటికి అప్పటిదాకా అదే గుర్తు. మిట్టను చదును చేసి ప్లాట్లు వేసి, మూడంతస్తుల ఇళ్లు లేపి, ఫస్ట్ లైన్, సెకండ్ లైన్ అని పిలుస్తున్నారు. ఇంటింటికీ గేటు, గేటు గేటుకూ కెమెరా. ఎవరి ఇంట్లో ఏం వండుతున్నారో వాసన కూడా బయటికి రాదు. కాలనీ సంఘానికి చిన్నపరెడ్డి అధ్యక్షుడు. మిట్ట చుట్టూ ఉన్న పొలాలన్నీ ఒకప్పుడు ఆయన తాతలవే. ఆ హోదాకు మెయిన్ రోడ్డుకు వాళ్ల తాత పేరు పెట్టుకుంటాడనుకున్నాను. నేను పోయేసరికి ఆయన మా వరండాలో కాఫీ తాగుతున్నాడు. "మాది పొలమే గాని ఇల్లు గాదక్కా. ఈడ కాపురం చేసి చూపించింది మీవాళ్లు. మొదటి వీధి మీది, రెండోది కుళ్లాయప్పది, మూడోది పుల్లయ్యది. జమ్మలమడుగులో బండ మీద అక్షరాలు చెక్కేవాన్ని మాట్లాడినాం. రేపు పోవాల. అయితే ఏ ఇంటి పెద్ద ఆ ఇంటి పేరుకు సరే అనాలని అనుకున్నాం. మీ అమ్మ చూస్తే తల అడ్డంగా ఊపుతాంది" అన్నాడు.

అమ్మ గడప లోపల కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. తలెత్తలేదు. "ఆయమ్మ పేరు బజార్లో పెడితే కుక్కలు కాలెత్తుతాయి. తాగినోడు ఆనుకుంటాడు. ఇంగ నేను ఆటోవానికి ఏమని చెప్పాల? ఎనభై ఏండ్లొచ్చినంక నా నోటితో అత్తను పేరు పెట్టి పిలుసుకుంటా రావాల్నా?" అంది. చిన్నపరెడ్డికి ఉపాయం తట్టింది. "సరేమ్మా, గంగన్న వీధి అని పెడదాం. మగమనిషి పేరు" అన్నాడు. అమ్మ ఆయన వైపు చూసిన చూపుకు కాఫీ చల్లారిపోయి ఉంటుంది. "అత్త పేరే అననిదాన్ని మామ పేరు అంటానా? ఏం మాట రెడ్డీ!" అంది. ఆయన గ్లాసు కింద పెట్టి, "అయితే ఫస్ట్ లైన్ అనే ఉంటాది. మేమేం చేస్తాం" అని లేచాడు.

అప్పటిదాకా మెట్ల మీద కూర్చుని ఉన్న బాషా లేచి నిలబడ్డాడు. కుళ్లాయప్ప తాత మనవడు, టౌనులో పరుపుల అంగడి పెట్టుకున్నాడు. "అన్నా, మా తాత పేరు కూడా రాయొద్దు" అన్నాడు. చిన్నపరెడ్డి అదేందన్నాడు. "మా పొయ్యిలో నిప్పు యాడిదో మా నాయన చెప్పి పోయినాడు. ఓబులమ్మవ్వ పేరు లేకుండా మా తాత పేరు ముందర కూర్చుంటే బాగుండదు. అందరిదీ ఫస్ట్ లైన్, సెకండ్ లైనే ఉండనీ" అని దండం పెట్టి వెళ్లిపోయాడు. అమ్మ చేతిలో చింతపండు చేతిలోనే ఉండిపోయింది. నాకు మాత్రం కోపం ముంచుకొచ్చింది. మిట్ట మీద మొదట అడుగుపెట్టిన మనుషులందరూ మా అమ్మ మొండితనానికి గాలికి పోతారా అనిపించింది.

అందరూ పోయాక అమ్మ పక్కన కూర్చుని నేనూ గింజలు తీయడం మొదలుపెట్టాను. అడిగేశాను. "జేజి పేరు అనలేవు, సరే. నన్నెందుకు పిలవలేదమ్మా? నేను నీ కూతుర్నే కదా. ఇన్నేళ్లు పాపా పాపా అని. తల నెరిసిన పాప ఎక్కడైనా ఉందా?" అన్నాను. అమ్మ తీసిన గింజలను పక్కకు తోసింది. తరువాత మెల్లగా చెప్పింది. "నీకు పేరు పెట్టేనాడు మీ జేజే వద్దనింది. 'నా పేరు పెడితే నా కోడలు బిడ్డనేమని పిలుసుకుంటాది? వేరే పేరు సూడండి' అని కొట్లాడింది. మీ జేజినాయన వినలా. అప్పుడు నన్ను లోపలికి పిలిచి, 'బిడ్డ పేరు బిడ్డదేనే. నోరారా పిలుసుకో. నాకేం చిన్నతనం గాదు' అని చెప్పింది. అంత చెప్పినా నాకు నోరు రాలా పాపా."

నేను ఈ మాట ఎన్నడూ వినలేదు. అమ్మ ఇంకా ఆగలేదు. "పోయే ముందు గూడా అడిగింది. నువ్వప్పుడు బడిలో ఉండావు. మంచంలో పండుకోని, 'బడి ఇడిసినంక పిల్లను పేరు పెట్టి పిలువే, చెవులారా ఒకతూరి ఇంటా' అనింది. నువ్వొచ్చినావు. వాకిట్లో నిలబడి నోరు తెరిచినా. రాలా. పాపా అనే పిలిసినా. ఆయమ్మ కండ్లు మూసుకోని నవ్వింది. మిట్టమీద అందరికీ అడిగింది ఇచ్చిన మనిషి నన్ను ఒగటే అడిగింది. అది ఇయ్యలేకపోతి." అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. చింతపండు చేతులు, కళ్లు మండి ఉంటాయి. నేను గింజలు తీస్తూ కూర్చున్నాను. నన్ను పేరు పెట్టి పిలవడం కోసం మా ఇంట్లో ఒకామె నాకంటే ముందే ఎదురుచూసిందని తెలిసి, నా చిన్ననాటి ఉడుకంతా దిగిపోయింది.

సాయంత్రం పొద్దు వాలుతుండగా అమ్మ తనంతట తానే లేచి బాషా ఇంటికి పోయింది. వెనకే నేనూ పోయాను. గేటు బయటే నిలబడి, "బాషా, మీ తాత పేరు రాయించుకో నాయనా. మాది గూడా రాయించమని రెడ్డికి చెప్పు. కుక్కలు రాకుండా నేను చూసుకుంటాలే" అంది. ఏ పేరు రాయించాలవ్వా అని బాషా అడగబోయి నన్ను చూసి ఊరుకున్నాడు. మంచి పిల్లవాడు.

బండలు నిలబెట్టిన రోజు నేను పోలేకపోయాను. తరువాత పోయి చూశాను. మా వైపు నల్లబండ, నున్నగా అరగదీసి, తెల్లగా చెక్కిన అక్షరాలు. మా మిట్ట రాతికీ దానికీ పోలికే లేదు, అయినా రాయి రాయే. ఓబులమ్మ వీధి. పక్కన కుళ్లాయప్ప వీధి, దాని పక్కన పుల్లయ్య వీధి. కొత్తగా వచ్చిన ఇళ్లవాళ్లు, మిట్ట సంగతి ఏమీ తెలియనివాళ్లు, సామాన్లు తెచ్చే కుర్రాళ్లకు ఫోన్లో "ఓబులమ్మ వీధి, రెండో ఇల్లు" అని చెబుతున్నారు. బడిలో పాత పేరని పిల్లలు నవ్విన పేరు. ఇప్పుడు ఇంజనీర్లూ డాక్టర్లూ తమ ఇంటి పేరులా చెప్పుకుంటుంటే నిలబడి విన్నాను. పొయ్యి నుంచి నిప్పు అడిగే కాలం పోయింది, మళ్లీ రాదు, రావాలని కూడా నేననను. ఆ బరువు మోసింది ఆడవాళ్లే. కానీ పక్కింట్లో ఎవరుంటారో తెలియని ఈ వీధికి, పక్కింట్లో ఉంటే మన దగ్గరున్నట్టేనని చెప్పిన మనిషి పేరు వచ్చింది. అది చాలు. బండ అడుగున ఎవరో ముగ్గు వేశారు. ఎవరో అనడమెందుకు, వంకరగా పోయిన ఆ గీతలు ఎవరివో నాకు తెలుసు.

ఆ మధ్యాహ్నం అమ్మను కంటి డాక్టరుకు చూపించి, బజారు పని చూసుకుని, ఆటో కోసం నిలబడ్డాం. ఆటో వచ్చింది. "యాడికి అవ్వా?" అన్నాడు డ్రైవరు. గ్యాస్ గోడౌన్ వెనక అని చెప్పబోయాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. కొంగు తల మీదికి లాక్కుంది. అత్త ఎదురుగా నిలబడినప్పుడు అట్లాగే లాక్కునేదని నాకు గుర్తు. రెండుసార్లు పెదాలు కదిలాయి, మాట రాలేదు. వెనక బస్సు హారన్ కొడుతోంది. "చెప్పవ్వా, యాడికి?" అన్నాడు వాడు మళ్లీ.

"ఓబులమ్మ వీధికి పోనీ నాయనా" అంది అమ్మ.

"ఆ బండ కాడనే కదా" అని వాడు ఆటో ఎక్కించుకున్నాడు. వాడికేం తెలుసు పాపం! అమ్మ సీట్లో సర్దుకుని కూర్చుంది. ఏదో బరువు దించుకున్న మనిషిలా గట్టిగా ఊపిరి వదిలింది. కాసేపు రోడ్డు వైపు చూసింది. ఆటో మిట్ట మొదలుకు వచ్చింది. ఎత్తు ఎక్కుతుంటే కాళ్ల దగ్గర పెట్టిన సంచి వాలింది.

"ఓబులమ్మా, సంచి పట్టుకో, పడతాది" అంది అమ్మ, నా వైపు చూడకుండానే.

బడిలో ఎన్నిసార్లు పిలిచినా పలకని దాన్ని, ఈసారి ఎవరూ మోచేత్తో పొడవక ముందే పలికాను. "పట్టుకున్నానమ్మా" అన్నాను.